గుమ్మడి అక్షరాలు

ఆదివారం

రోజుకి కొంచెం రాయమని చెప్పింది ఆస్పత్రిలో మాట నేర్పే అమ్మాయి. నాకు మాట పోలేదు. చెయ్యి పోలేదు, కాలు పోలేదు, మూతి వంకర తిరగలేదు. మెదడు వెనకవైపు చిటికెడంత చోటికి రక్తం అందక ఎండిపోయిందట. "మీరు అదృష్టవంతులండీ" అన్నాడు పెద్ద డాక్టరు. పోయింది చదవడం ఒక్కటే.

రాయగలను. ఇదిగో రాస్తున్నాను. చెయ్యి తన దారిన తాను పోతోంది. పై వరుస మీదకి చూపు తిప్పితే మాత్రం అక్కడ ఏముందో తెలియదు. సున్నాలు, కొక్కేలు, తోకలు. పరిచయం లేని మనిషెవరో రాసి పెట్టి పోయినట్టు ఉంది.

ఈ పుస్తకం ముట్టుకోనని మా ఆవిడ మాటిచ్చింది. ప్రెస్సులో ప్రూఫులు దిద్దీ దిద్దీ, పొట్లం కట్టిన కాగితాన్ని కూడా చదవకుండా పారెయ్యలేని మనిషి. పాపం, ఎలా ఓర్చుకుంటోందో.

సోమవారం

ఆ పొద్దున ఏం జరిగిందో రాయాలి.

లేచి మొహం కడుక్కుని పేపరు తెరిచాను. అక్షరాలు లేవు. అంటే ఉన్నాయి, మనవి కావు. మా బావమరిది పని అనుకున్నాను. వాడికి ఫ్లెక్సీల దుకాణం ఉంది. ఏది పడితే అది అచ్చేసి జనాన్ని ఆట పట్టించడం వాడికి సరదా. "చూడు, మీ తమ్ముడి వేషాలు" అని పేపరు ఆవిడకిచ్చాను. ఆవిడ చెయ్యి తుడుచుకుని అందుకుంది. "వంతెన మరమ్మతు ఇంకో నెల పడుతుందట" అని చదివి, పేపరు మడిచి, మళ్ళీ వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అంతే. అంత సులువుగా చదివేసింది.

చెప్పులు వేసుకుని వీధిలోకి వెళ్ళాను. వీధిలో సగం బోర్డులు నేను రాసినవే. మందుల షాపుది, కుట్టుమిషన్ల వాడిది, తాళాలు చేసే ముసలాయనది. అన్నీ లావుగా, నిగనిగలాడుతూ, ఎప్పటిలాగే కూర్చుని ఉన్నాయి. ఒక్కటీ నాతో మాట్లాడలేదు. జనంలో మన పిల్లవాణ్ణి వెనకనుంచి చూసినా గుర్తుపడతాం కదా, అలా గుర్తుపట్టాను. పేరు పెట్టి పిలవలేకపోయాను.

బుధవారం

డాక్టరు ఒక వాక్యం రాయమన్నాడు. రాశాను. కాసేపు ఆ మాటా ఈ మాటా చెప్పి, అదే కాగితం నా ముందు పెట్టి చదవమన్నాడు. "ఇదెవరు రాశారండీ?" అని అడిగాను. ఆయన వెంటనే పక్క గదుల్లోంచి ఇంకో ఇద్దర్ని పిలిచాడు. ముగ్గురూ కలిసి మళ్ళీ రాయించారు. మళ్ళీ అడిగారు. చాలా సంతోషపడ్డారు. ఇలాంటిది పుస్తకాల్లో చదవడమే తప్ప చూడలేదట.

మా ఆవిడ మొహం చూశాను. ఆవిడ ఆ కాగితం చదువుతోంది. "నేను ఏం రాశాను?" అని అడిగితే, "ఇంటికి వెళ్ళాలని రాశారు" అంది.

గురువారం

ఇవాళ ఒక మాట చదివాను. మందుల షాపు బోర్డు మీద 'మందులు'. ఇంటికొచ్చి ఆవిడకి చెప్పాను. "అవునా, చూశారా మరి!" అంది. బోర్డు పక్కన ప్లస్సు గుర్తు ఉంటుందనుకో. లోపల సీసాలు కూడా కనిపిస్తాయి. అయినా చదివాను.

శనివారం

కంపెనీ ఆయన వచ్చాడు. ఫాంట్లు తయారుచేసే కంపెనీ ఆయనది. నా గుమ్మడి అక్షరాల్ని కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నది వాళ్ళే. అచ్చులు, హల్లులు, గుణింతాలు నాకు జబ్బు చేయకముందే పూర్తయ్యాయి. ఒత్తులు మిగిలాయి. తెలుగులో అసలు చిక్కంతా ఒత్తులతోనే. పైన ఏనుగులా అక్షరం కూర్చుంటే దాని కాళ్ళ సందులో ఒత్తు ఇరుక్కోవాలి.

గుమ్మడి అనే పేరు మా ఆవిడ పెట్టింది. పెళ్ళికి ముందు మాట. నేను ప్రెస్సులో పోస్టర్లకి అక్షరాలు గీసేవాణ్ణి, ఆవిడ ప్రూఫులు చూసేది. సర్కస్ పోస్టరొకటి గీసి ఆరబెడితే ముందు నిలబడి, "ఇవేం అక్షరాలండీ, పాదు మీద గుమ్మడికాయల్లా కూర్చున్నాయి" అంది. నిజమే. బొజ్జలు లావు, మలుపులు వెంట్రుకంత సన్నం. తలకట్టు విచ్చుకోబోయే మొగ్గలా ఉంటుంది. బొజ్జ మధ్యలో తెల్లటి చార, వెనక నీడ. అన్నీ చూసి, "అందంగానే ఉన్నాయి కానీ ఈ 'థ' ఏదీ? పొట్టలో చుక్క ఊపిరాడక చచ్చిపోయింది. ఇది 'ధ' అయి కూర్చుంది" అంది. అదే మొదటి తగువు. ఆ రోజు నుంచి నేను గీయడం, ఆవిడ చదవడం. ముందు అక్షరం, తర్వాతే పువ్వు అని ఆవిడ చెప్పిన మాటే నేను పదిమందికీ చెప్పుకుంటూ తిరిగాను.

కంపెనీ ఆయనకి నా సంగతి మేము చెప్పలేదు. తల తిరిగి పడ్డానని మాత్రం తెలుసు. ఒక ముద్రించిన కాగితం నా చేతిలో పెట్టి, "మాస్టారూ, ఇది చూసి ఎలా ఉందో చెప్పండి" అన్నాడు. నేను కళ్ళజోడు సర్దుకున్నాను. ఆవిడ వెనకనుంచి వచ్చి, "ముందు కాఫీ తాగండి, చల్లారిపోతుంది" అని కాగితం లాగేసుకుంది.

ఒత్తులు నేనే పూర్తి చేస్తానని చెప్పి ఆయన్ని పంపించాను. నా చేతికి ఏ రోగమూ లేదు కదా.

సోమవారం

పని మొదలుపెట్టాను. కిటికీ పక్కన బల్ల, గీతల కాగితం, నల్లసిరా. చెయ్యి ఏమీ మరిచిపోలేదు. ఆవిడ పక్కన కూర్చుని ఏ ఒత్తు కావాలో చెబుతుంది, నేను గీస్తాను. గీసింది ఆవిడ వైపు తిప్పుతాను.

"బాగుందండీ" అంది.

మంగళవారం

బాగా సాగుతోంది. అలవాటైన చోట మొగ్గకి కొంచెం రేకలు కూడా విప్పాను.

శుక్రవారం

ఆ పొద్దున పేపరు తెరిస్తే అక్షరాలు లేవు. అంటే ఉన్నాయి, మనవి కావు. బావమరిది పని అనుకుని... ఇది ముందే రాశానా? వెనక్కి తిప్పి చూశాను. రాసినట్టే ఉంది. అంటే, ఏదో రాసినట్టు ఉంది.

ఇవాళ మాట నేర్పే అమ్మాయి కొత్త ఉపాయం చెప్పింది. కళ్ళకి తెలియనిది వేలికి తెలుస్తుందట. అక్షరం మీద వేలితో దిద్దితే, ఆ కదలికని బట్టి మెదడుకి అందొచ్చట. ఆమె పెన్సిలుతో ఏదో రాసింది. నేను దాని మీద వేలు పోనిచ్చాను. పోనిచ్చాను, పోనిచ్చాను. చెమటలు పట్టాయి. చివరికి 'ల' అన్నాను. ఆమె చప్పట్లు కొట్టింది. నాకేమో ఏడుపొచ్చింది. సంతోషంతోనే అని చెప్పాను.

ఇంటికొస్తూ మందుల షాపు బోర్డు కింద స్టూలు వేయించుకుని ఎక్కాను. షాపాయన "జాగ్రత్త మాస్టారూ" అంటూ కాళ్ళు పట్టుకున్నాడు. రంగు ఎలా ఉందో చూస్తున్నానని చెప్పాను. వేలు పెట్టాను. ఎక్కడ పెట్టాలి? లావు అక్షరానికి రెండు గట్లు ఉంటాయి. పై గట్టు వెంబడి పోతే ఒక ఆకారం, కింది గట్టు వెంబడి పోతే ఇంకొకటి. మధ్యలో తెల్ల చార పట్టుకుందామంటే, మలుపు దగ్గర అది ఆగిపోతుంది. అలా ఆపింది నేనే. అందం కోసం.

స్కూలు పిల్లల కాపీ పుస్తకమైతే ఎప్పటికో చదువుతానేమో. నేను గీసింది మాత్రం నా చేత చదివించుకోదు.

ఆదివారం

ఇది వరసగా రాయాలి.

గడ్డం గీయించుకుందామని బయల్దేరాను. కూడలి దగ్గర ఎత్తుగా ఒక ఫ్లెక్సీ కట్టి ఉంది. దాని మీద నా ఫొటో. మామూలు ఫొటో కాదు, మనిషి ఎత్తు. చుట్టూ పూల అంచు. ఫొటో కింద గుమ్మడి అక్షరాలు, రెండు వరుసల్లో, ఎర్రగా, నీడతో సహా.

నిలబడిపోయాను. మొన్న ఇదే చోట తాళాల ముసలాయన ఫొటో ఉంది. ఇవే పూలు, ఇవే అక్షరాలు. ఆయన పోయాడని ఆవిడ చదివి చెప్పింది.

ఏం రాసి ఉందో ఎవరినైనా అడగాలి. బొమ్మలో ఉన్నవాడు కింద నిలబడి "ఇందులో ఏం రాశారండీ?" అని ఎలా అడుగుతాడు? పళ్ళు అమ్ముకునే ఆమె నన్ను చూసింది, పైకి చూసింది, మళ్ళీ నన్ను చూసింది. "అయ్యో, మీరేనా!" అంది. ఆ అయ్యో దేనికో తెలియలేదు. ఒకాయన సైకిలు ఆపి మరీ చూసి, తల ఊపుకుంటూ పోయాడు. నా చెయ్యి నేనే గిల్లుకున్నాను. నవ్వులాట కాదు, నిజంగానే గిల్లుకున్నాను.

ఇంటికొచ్చి గుమ్మంలోనే అడిగాను. "నేను పోయానా?"

ఆవిడ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "ఏం మాటలండీ అవి?"

"కూడలిలో నా ఫొటో కట్టారు."

ఆవిడ వెళ్ళి చూసి వచ్చింది. వస్తూ వస్తూ తమ్ముణ్ణి కూడా చెవి పట్టుకుని లాక్కొచ్చినంత పని చేసింది. బావమరిది నవ్వు మొహంతో వచ్చాడు. "నేనే కట్టించాను బావా! 'మా బావగారు త్వరగా కోలుకోవాలి' అని. నీ అక్షరాల్లోనే వేశాను. చూసి సంతోషిస్తావనుకున్నా."

"తాళాలాయనకీ ఇవే వేశావు కదరా."

"అందరూ అవే అడుగుతారు బావా. పెళ్ళికి గుమ్మడి, చావుకి గుమ్మడి, కోడిగుడ్ల రేటుకి గుమ్మడి. దూరం నుంచి కొట్టొచ్చినట్టు కనపడతాయి కదా."

సగం తయారైన ఫాంటు వాడికి ఇచ్చింది నేనే. లేని ఒత్తులు ఎక్కడెక్కడివో తెచ్చి అతికించుకుంటున్నాడు. "ఇంకెంత, కొద్దిరోజులు ఆగు. ఒత్తులు నేను పూర్తి చేసేస్తున్నాను, అప్పుడు సరైనవి వాడుకుందువు గాని" అన్నాను.

వాడు అక్క వైపు చూశాడు. ఆవిడ మళ్ళీ గరిటె అందుకుంది.

"ఏమిటి?" అన్నాను.

"ఏం లేదు బావా."

"ఏమిట్రా?"

"బావా, నువ్వు గీస్తున్నవి అక్షరాలు కావు" అన్నాడు.

సోమవారం

నిన్న మిగిలింది ఇవాళ రాస్తున్నాను. నిన్న చెయ్యి ఆడలేదు.

వాడు చెప్పింది ఇది. మొదటిరోజు గీసినవి బాగానే ఉన్నాయట. ఎప్పుడైతే నేను వాటిని చూసి చూసి దిద్దడం మొదలుపెట్టానో, అప్పటినుంచి అదుపు తప్పిందట. మొగ్గకి రేకలు వచ్చాయి. రేకలకి ఈనెలు వచ్చాయి. తోకకి ఇంకో తోక. "చూడ్డానికి చాలా బావుంటాయి బావా, పరదా మీద కుట్టించుకోవచ్చు. కానీ అందులో అక్షరం ఎక్కడుందో వెతుక్కోవాలి. ఉంటే కదా."

వాడికి ఎలా తెలుసు? అక్క చూపించింది. ఇంకెవరికి తెలుసు? కంపెనీ ఆయనకి తెలుసు. ఆవిడే స్వయంగా కాగితాలన్నీ పట్టుకెళ్ళి, సంగతంతా చెప్పి, నాకు తెలియనివ్వొద్దని అడిగిందట. ఆయన ఒత్తుల పని ఇంకెవరో అమ్మాయికి అప్పజెప్పేశాడు. మధ్యలో ఒకరోజు ఆయన నాకు ఫోను చేసి "అద్భుతం మాస్టారూ" అన్నాడు, అది కూడా ఆవిడ చెబితే అన్నదే.

"ముప్పై ఏళ్ళలో నా అక్షరానికి తప్పు పట్టకుండా నువ్వు ఒక్క రోజైనా అన్నం తిన్నావా?" అని అడిగాను. "ఇప్పుడేనా నీకు బాగుంది అనే మాట దొరికింది?"

ఆవిడ పొయ్యి ఆర్పి, గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. బావమరిది కాసేపు కుర్చీలో అటూ ఇటూ కదిలి, "నాదే తప్పు బావా, నోరు జారాను" అని వెళ్ళిపోయాడు.

నోరు జారింది వాడొక్కడే. ఈ ఇంట్లో నిజం చెప్పింది కూడా వాడొక్కడే.

మంగళవారం

ఏమీ లేదు.

గురువారం

ఏమీ లేదు. రాయమంది కాబట్టి రాస్తున్నాను. ఏమీ లేదు.

శనివారం

కంపెనీకి వెళ్ళాను. ఒక్కడినే వెళ్ళాను. బస్సు మీద పేరు చదవలేను కనుక ప్రతి బస్సునీ ఆపి కండక్టర్ని అడిగాను. ఒకడు "పైన అంత లావున రాసుంది కదయ్యా" అన్నాడు.

ఆ అమ్మాయిని చూశాను. కళ్ళద్దాల అమ్మాయి, వేళ్ళ నిండా సిరా మరకలు. ఇప్పటి పిల్లలకి సిరా అంటదనుకున్నాను. నన్ను చూడగానే లేచి నిలబడి కుర్చీ ఇచ్చింది. "మీరు వస్తారని అనుకోలేదు సార్. మీకు నచ్చనివి చెప్పండి, మారుస్తాను."

గోడ మీద పెద్ద కాగితాలు అంటించి ఉన్నాయి. ఒత్తులు. వాటి పేర్లు నాకు తెలియవు కానీ ఆకారాలు తెలుస్తాయి. కింద ఒత్తులో తెల్ల చార తీసేసింది. చార ఉంటే చిన్న సైజులో పూడుకుపోతుందని ఆమెకి తెలిసింది. నీడ తగ్గించింది. మొగ్గని మొగ్గగానే ఉంచింది. పైన బొజ్జకి కింద ఒత్తుకి మధ్య గాలి ఆడుతోంది. తప్పు పట్టాలని ఎంత వెతికినా దొరకలేదు. బాగా చేసింది. నా పాత చెయ్యి ఉన్నా నేను ఇంత బాగా చేసేవాణ్ణి కాదేమో.

చివరికి ఒకచోట బరువు ఎడమవైపుకి ఒరిగినట్టు అనిపించింది. "ఇది కొంచెం లాగుతోంది" అన్నాను.

"ఏ అక్షరం సార్?"

"ఇదిగో, ఇది."

"అది సరే సార్, పక్కన ఇంకో సైజులో కూడా సరిచేయాలి. ఏ అక్షరమో చెప్తే రాసుకుంటా" అని కలం పట్టుకుని తల వంచుకుంది.

నేను చెప్పలేదు. ఆమె తల ఎత్తి చూసింది. మొదట అర్థం కాలేదు, తర్వాత అర్థమైంది. ఆ మార్పంతా నేను ఆమె మొహంలో చూస్తూనే ఉన్నాను. మనుషుల మొహాలు బాగానే చదవగలుగుతున్నాను. అదొక్కటే మిగిలింది.

"నేను గుర్తు పెట్టుకుంటాను సార్" అని, నేను చూపించిన దాని చుట్టూ ఎర్రగా సున్నా చుట్టింది.

గుమ్మడిని ఆమెకే అప్పగించమని కంపెనీ ఆయనకి చెప్పి వచ్చేశాను. ఒక పిల్లని కాపురానికి పంపినట్టు ఉంటుందనుకున్నాను. అలా లేదు. పాడె మోసినట్టు ఉంది.

ఆదివారం

ఆవిడా నేనూ ఒకే ఇంట్లో ఎదురింటి వాళ్ళలా ఉంటున్నాం. "అన్నం పెట్టేశాను." "మందు వేసుకున్నాను." అంతే.

బల్ల మీద సిరా ఎండిపోయింది. కడగలేదు.

బుధవారం

వంతెన దాకా నడిచాను. మరమ్మతు ఇంకా జరుగుతోంది. ఒకవైపు రెయిలింగు విప్పేశారు. అక్కడ నిలబడ్డాను. కింద నీళ్ళు మట్టి రంగులో ఉన్నాయి. ఎందుకు వెళ్ళానో రాయను. నాకు తెలుసు.

పనివాడొకడు కేకేసుకుంటూ వచ్చాడు. "ఏమయ్యా, అక్కడ నిలబడకూడదని ఎదురుగా రాసుంటే కనపడట్లేదా? చదువుకున్నవాడిలా ఉన్నావు!"

చూశాను. నిజంగానే నా ఎదురుగా బోర్డు. ఎర్ర రంగు. లావుపాటి అక్షరాలు. బొజ్జ, మొగ్గ, నీడ. ప్రమాదం అని చెప్పడానికి కూడా గుమ్మడే.

నాకు నవ్వొచ్చింది. గట్టిగా నవ్వాను. నవ్వు ఆగలేదు. అది మెల్లగా నవ్వు కాకుండా పోయింది. పనివాడు భయపడి నా రెక్క పట్టుకుని ఇసుక కుప్ప మీద కూర్చోబెట్టాడు. నీళ్ళు తాగించాడు. ఇంటి ఫోను నంబరు అడిగాడు. నంబరు నోటికి వచ్చు, చెప్పాను.

ఆవిడ ఆటోలో వచ్చింది. జుట్టు కూడా ముడి వేసుకోలేదు. రెయిలింగు లేని చోటు చూసింది, నన్ను చూసింది. పనివాడికి ఏదో చెప్పి పంపేసి, ఇసుక మీద నా పక్కన కూర్చుంది. చీర పాడవుతుందని కూడా చూసుకోలేదు.

"బాగుంది అన్నప్పుడల్లా నా నోరు నాకే చేదుగా ఉండేది. కానీ అలా అన్న రోజు మీరు రెండో ముద్ద అడిగి పెట్టించుకునేవాళ్ళు. నేనేం చెయ్యను?" అంది.

"చెప్పాల్సింది."

"చెప్తే ఇక్కడికి రావడం ఇంకా ముందే అయ్యేది."

నేను చేతికంటిన ఇసుక దులుపుకున్నాను.

"ప్రూఫుల్లో తప్పులు దిద్దడం ఒక్కటే నాకు వచ్చిన పని. మీ తప్పు దిద్దడానికి నాకు చెయ్యి రాలేదు. తిట్టండి, కొట్టండి. ఇలా మాత్రం చెప్పకుండా రాకండి" అని ఏడ్చింది. ముప్పై ఏళ్ళలో ఆవిడ వీధిలో ఏడవడం నేను చూడలేదు.

లేచి వస్తుంటే అడిగాను, "ఆ బోర్డులో ఏం రాసుంది?"

"ప్రమాదం. దగ్గరికి రావద్దు."

"తప్పులేమైనా ఉన్నాయా?"

ముక్కు తుడుచుకుని వెనక్కి తిరిగి చూసింది. "'దగ్గరికి'లో గుడి పైన అతుక్కుపోయింది" అంది.

శనివారం

వంతెన సంగతి బావమరిదికి ఎవరు చెప్పారో. పొద్దున్నే వచ్చి, "దుకాణంలో కూర్చుందువు గాని రా బావా, ఇంట్లో గోడలు చూసుకుని ఏం చేస్తావు" అన్నాడు. ఆవిడ నా చెప్పులు తెచ్చి ముందు పెట్టింది. వెళ్ళాను. వాడి దుకాణంలో రోజంతా నా అక్షరాలు మెషిన్లోంచి గజాల కొద్దీ బయటికి వస్తుంటాయి. చూడకుండా వీధివైపు తిరిగి కూర్చున్నాను.

సోమవారం

మళ్ళీ వెళ్ళాను. ఏమీ జరగలేదు. ఏమీ జరగకపోవడం మొన్నటికంటే కొంచెం నయం.

గురువారం

ఇవాళ జరిగింది రాసి ఆపేస్తాను.

పొద్దున దుకాణం తెరిచేసరికి ఒకామె గుమ్మంలో నిలబడి ఉంది. నలభై ఏళ్ళుంటాయి. చేతిలో చిన్న ఫొటో. భర్త రాత్రి పోయాడట. మధ్యాహ్నం తీసుకెళ్ళిపోతారు. ఆయన లారీ తోలేవాడు, నలుగురు తెలిసినవాళ్ళు వస్తారు, ఇల్లు సందు లోపల ఉంది, సందు మొదట్లో ఆయన పేరుతో ఒకటి కడితే దారి తెలుస్తుందని వచ్చింది.

మెషిను నిన్నటినుంచి మొరాయించి ఉంది. బావమరిది తల గోక్కున్నాడు. "రేపు పొద్దునకల్లా ఇస్తానమ్మా."

"రేపటికి ఆయన ఉండడు కదండీ" అంది ఆమె.

ఎంత మామూలుగా అందంటే, ఆ మాటలో పొరపాటు ఆమెకే తెలియలేదు. తర్వాత తెలిసింది. ఫొటోని పైటలో దాచుకుని వెనక్కి తిరిగింది.

"ఆగండి" అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. బావమరిది నా వైపు చూశాడు. లోపల తెల్లగుడ్డ ఉంది, నల్లరంగు ఉంది, కుంచె ఉంది. అవి నావే, ఎప్పుడో వాడికి ఇచ్చేసినవి. గుడ్డ నేల మీద పరిచి నాలుగు మూలలా ఇటుకలు పెట్టాను. "బావా" అన్నాడు వాడు మెల్లగా. వద్దనడం కూడా చేతకాలేదు వాడికి.

"పేరు చెప్పండమ్మా."

చెప్పింది.

కళ్ళు మూసుకున్నంత పని చేశాను. చూస్తే దిద్దుతాను, దిద్దితే పోతుంది. కుంచె ఆనించి ఒక్క ఊపులో రాశాను, చిన్నప్పుడు పలక మీద రాసినట్టు. బొజ్జ పెట్టలేదు. మొగ్గ లేదు. చార లేదు, నీడ లేదు. పువ్వు పెట్టాలని చెయ్యి ఒకచోట ఆగింది. పెట్టనివ్వలేదు. చివరి అక్షరం అయ్యాక కుంచె డబ్బాలో పడేసి లేచి నిలబడ్డాను.

ఎదురుగా తెల్లగుడ్డ మీద నల్లటి వంపులు. నాకు అవి ఏమీ కావు.

ఆమె వంగి చూస్తోంది. ఏమీ అనట్లేదు. బావమరిది కూడా ఏమీ అనట్లేదు, వాగకుండా ఉండలేనివాడు. వీధిలో ఎవరో బండి స్టార్టు చేయడానికి తన్నుతున్నారు, అది స్టార్టు కావట్లేదు. తప్పు రాశానమ్మా, క్షమించండి, అని చెప్పడానికి నోరు తెరిచాను.

అప్పుడు చదివింది. పైకే చదివింది. ముందు ఇంటిపేరు, తర్వాత ఆయన పేరు. ఇంట్లో ఉన్న మనిషిని కేకేసినట్టు కాదు, దూరంగా పోతున్నవాణ్ణి పిలిచినట్టు.

నేను చెవులతో విన్నాను. అక్కడ ఉన్నది ఆయన పేరేనని నాకు అప్పుడు తెలిసింది.

రంగు ఆరడానికి కాసేపు పడుతుందని చెప్పాను. ఆమె గుడ్డ పక్కనే నేల మీద కూర్చుంది. నేనూ కూర్చున్నాను.

"ఇంకొక్కసారి చదవండమ్మా" అన్నాను.

చదివింది.